పని గంటల లెక్క సైట్‌లోనే తేలాలి

ఒకే హోల్డింగ్ గ్రూపు కింద ఒక కంపెనీ రోడ్లు వేస్తుంది, ఇంకొకటి భవనాలు కడుతుంది, మరొకటి పైపులైన్లు పరుస్తుంది. నెలాఖరుకు వీటి ఉత్పాదకతను చాలా గ్రూపులు ఒకే కొలతతో బేరీజు వేస్తాయి: తలసరి టర్నోవర్, అంటే ఒక్కో సొంత ఉద్యోగికి లెక్కగట్టిన వ్యాపార రాబడి, ఎంత? ఈ కొలతను పక్కన పెట్టాలని మేం గట్టిగా కోరుతున్నాం.

పనంతా సబ్ కాంట్రాక్టర్లకు అప్పగించిన కంపెనీలో సొంత ఉద్యోగులు తక్కువ కాబట్టి తలసరి టర్నోవర్ ఘనంగా కనబడుతుంది. సొంత మేస్త్రీలను, సెంట్రింగ్ పనివాళ్లను నిలుపుకున్న కంపెనీ అదే పట్టికలో అడుగున ఉంటుంది. స్టీలు ధర పెరిగితే, పని ఒక్క అడుగు కూడా ముందుకు కదలకపోయినా బిల్లు, దానితో టర్నోవర్ పెరుగుతాయి. క్యూబిక్ మీటరు కాంక్రీటుకు, టన్ను స్టీలు కట్టడానికి, చదరపు మీటరు షట్టరింగ్‌కు ఎన్ని పని గంటలు పట్టాయన్నదే అసలు లెక్క. అందులో సబ్ కాంట్రాక్టర్ మనుషుల గంటలూ, పగలగొట్టి మళ్లీ కట్టిన గంటలూ కలవాలి. రోడ్ల కంపెనీని భవనాల కంపెనీతో పోల్చడం అన్యాయం. దేన్నైనా అదే రకం పనిలో దాని పాత లెక్కతోనే పోల్చాలి.

ప్రపంచ నిర్మాణ రంగంలో కార్మిక ఉత్పాదకత రెండు దశాబ్దాల పాటు ఏడాదికి సగటున 1 శాతమే పెరిగిందని, అదే కాలంలో తయారీ రంగంలో 3.6 శాతం పెరిగిందని మెకిన్సే కన్సల్టింగ్ సంస్థ 2017లో లెక్కగట్టింది. దీనికి కూలీల బద్ధకం కారణమంటే మేం ఒప్పుకోం. డ్రాయింగ్ రాలేదు, క్రేన్ ఖాళీ లేదు, ముందు బృందం జాగా అప్పగించలేదు: సైట్లలో రోజులు ఇలాగే పోతాయి. వారం ముందు వేసుకున్న పనుల్లో దాదాపు సగమే అనుకున్నట్టు పూర్తవుతున్నాయని 1990లలో నిర్మాణ రంగ పరిశోధకులు గ్లెన్ బల్లార్డ్, గ్రెగ్ హోవెల్ గమనించారు. పని చేయించే ఫోర్‌మన్ 'ఈ వారం ఇది చేయగలం' అని తానే మాట ఇచ్చే ప్రణాళికా పద్ధతి ఆ పరిశీలన నుంచే రూపుదిద్దుకుంది.

ఈ ఎదురుచూపుల్లో కొన్నిటికి గ్రూపే కారణం. ఇది చెప్పడానికి అనుబంధ కంపెనీల మేనేజర్లు జంకుతారు కాబట్టి మేమే చెబుతున్నాం. కొనుగోళ్లన్నీ ఒకేచోట చేస్తే సిమెంటు చౌకగా రావచ్చు. కానీ చిన్న ఆర్డరు సంతకం కోసం పై ఆఫీసులో ఆగిపోతే, అలా ఆదా అయిన డబ్బు కంటే ఖాళీగా కూర్చున్న బృందం కూలీయే ఎక్కువవుతుంది. కంపెనీల ఖాతాల్లో డబ్బును గ్రూపు ఎప్పటికప్పుడు తన దగ్గరికి లాగేసుకున్నా అంతే. బిల్లు అందని సబ్ కాంట్రాక్టర్ తన మంచి పనివాళ్లను వేరే సైట్‌కు పంపేస్తాడు.

అందుకే కూలీకి, సబ్ కాంట్రాక్టర్ల బిల్లులకు కావాల్సిన సొమ్మును గ్రూపు ముట్టుకోకూడదు. ప్రతి అనుమతికీ గడువుండాలి. గడువు దాటితే వృథా అయిన పని గంటల ఖర్చును సైట్ మీద కాకుండా గ్రూపు కార్యాలయం ఖాతాలోనే రాయాలి. గ్రూపు పెద్దల బోనస్‌ను లెక్కించేటప్పుడు ఆ ఖాతానూ తెరిచి చూడాలి.