పురిటి లెక్కలో లేని పద్దు

ఏడో నెల వచ్చిందంటే మన ఇళ్లలో ఒక కాగితం బయటికొస్తుంది. శ్రీమంతానికి పట్టుచీర, గాజులు, చలిమిడి, వచ్చినవాళ్లకు భోజనాలు. ఆస్పత్రికి అడ్వాన్సు. బాలింతకు కాయం, నెయ్యి, వెల్లుల్లి. బిడ్డకు స్నానం చేయించే ఆమెకు చీర, చేతిలో కొంత డబ్బు. ఇరవై ఒకటో రోజున బారసాల, ఉయ్యాల, వెండి మొలతాడు. పుట్టింటివాళ్లు పెట్టేదెంతో, అత్తింటివాళ్లు పెట్టేదెంతో కూడా పక్కనే రాసి ఉంటుంది. ఇంత పకడ్బందీ లెక్కలోనూ ఒక పద్దు కనపడదు. ఆమె జీతం ఆగిపోతే ఆ నెలలు ఎలా గడపాలన్నది ఎవరూ రాయరు. ఈ పద్దు కొత్తగా పుట్టిందేమీ కాదు. నాట్లకూ కలుపుకూ వెళ్లే ఆడవాళ్లకు కాన్పు కాన్పుకూ కూలి పోతూనే ఉంది, దాన్ని లెక్కలోకి తీసుకున్నవాళ్లు లేరంతే.

ఒక ప్రైవేటు స్కూలు టీచరమ్మ సంగతే తీసుకుందాం. నెలకు 18,000 జీతం అనుకుందాం. కడుపుతో ఉన్నానని చెబితే యాజమాన్యం చట్టం ఊసెత్తకుండా, ‘జీతం లేకుండా లీవు పెట్టుకోండి, మళ్లీ జూన్‌లో చూద్దాం’ అంటుంది. ఇలాంటి జవాబు విన్న టీచర్లు మన రెండు రాష్ట్రాల్లో ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు. ఆరు నెలలు ఇంట్లో ఉంటే పోయేది 1,08,000. మూడో నెల నిండేదాకా బయటికి చెప్పకూడదన్న పట్టింపుతో ఇంట్లో అసలు లెక్కలు మొదలయ్యేసరికి చేతిలో మిగిలేది ఆరు నెలలే. అంటే ఆ లోటు పూడాలంటే నెలనెలా 18,000 దాచాలి. వచ్చే జీతం కూడా అంతే! అదే పొదుపు రెండేళ్ల ముందు మొదలుపెడితే నెలకు 4,500 సరిపోతుంది.

రెండేళ్ల ముందే అంటే ఇంట్లో పెద్దవాళ్లు నవ్వుతారు. ‘ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం’ అన్న సామెత ఉండనే ఉంది. పేరు సంగతి తర్వాత చూసుకోవచ్చు, డబ్బు సంగతి మాత్రం చూలు లేనప్పుడే చూసుకోవాలని మేం అంటాం. పెళ్లికి లక్షలు ఖర్చు పెట్టిన ఇల్లు మరుసటి నెల నుంచి 4,500 పక్కన పెట్టలేదా? కొన్ని ఇళ్లు నిజంగానే పెట్టలేవు. వాటి సంగతి తర్వాత చెబుతాం.

పెట్టగలిగినవాళ్లు ఎక్కడ పెడుతున్నారన్నదీ ముఖ్యమే. మనవాళ్లకు మొదట గుర్తొచ్చేది చీటీ. నెలలు నిండాక డబ్బు అవసరమై పాట పాడితే, పాటలో తగ్గించుకున్నది పోను చేతికొచ్చేది తక్కువే. పైగా జీతం ఆగిన నెలల్లో కూడా వాయిదా కట్టాల్సిందే. పోస్టాఫీసు ఆర్‌డీ (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) అయిదేళ్లది, మూడేళ్లు దాటితే గానీ మధ్యలో మూయనివ్వరు. కొన్ని బ్యాంకుల్లో ఆరు నెలలకే ఆర్‌డీ కట్టవచ్చు, ఈ అవసరానికి అది నప్పుతుంది. ఇంకొక పని కూడా చేసి చూడమంటాం. అయిదో నెలలోనో ఆరో నెలలోనో ఆమె జీతాన్ని ముట్టకుండా, భర్త జీతంతోనే ఇల్లు నడపాలి. అద్దె, పాలు, కరెంటు, బైకు ఈఎంఐ ఎక్కడ బిగుసుకుంటాయో అప్పుడు తెలుస్తుంది. కారు కొనే ఆలోచన ఉంటే అది కూడా అక్కడే తేలిపోతుంది.

ఇక ఆస్పత్రి ఖర్చు. మామూలు కాన్పే అవుతుందనుకుని డబ్బు సిద్ధం చేసుకోవడం తెలుగు రాష్ట్రాల్లో సాహసమే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. దేశ సగటు 21.5 శాతం. ఇన్ని కోతలు అవసరమా అన్న చర్చ వేరే, మరో రోజు చేయాల్సిందే. కుటుంబం మాత్రం డబ్బు ఆపరేషన్‌కే సిద్ధం చేసుకోవాలి. గర్భం వచ్చాక ఇన్సూరెన్స్ తీసుకుంటే పనికిరాదు. విడిగా తీసుకునే పాలసీల్లో చాలావాటికి ప్రసూతి ఖర్చు కోసం రెండు నుంచి నాలుగేళ్లు ఆగాలి. ఆఫీసు ఇచ్చే గ్రూపు పాలసీలో ఎదురుచూపు ఉండకపోయినా ప్రసూతికి ప్రత్యేకంగా ఒక పరిమితి ఉంటుంది. అదెంతో హెచ్‌ఆర్‌ను అడిగి రాసుకోవాలి. పుట్టిన బిడ్డను ఎన్‌ఐసీయూలో (పసికందుల ఇంటెన్సివ్ కేర్‌లో) పెట్టాల్సి వస్తే ఆ ఖర్చు ఇస్తారా అన్నదీ అప్పుడే అడగాలి.

ఇంతా చేసి, చాలామందికి ఈ పొదుపు అవసరమే అసలు ఉండకూడదు. ప్రసూతి ప్రయోజన చట్టం వచ్చింది 1961లో. 2017 సవరణతో మొదటి ఇద్దరు బిడ్డలకు సెలవు 12 వారాల నుంచి 26 వారాలకు పెరిగింది. 2025 నవంబరు 21 నుంచి ఈ నిబంధనలు కొత్త కార్మిక చట్టాల్లో ఒకటైన సామాజిక భద్రతా కోడ్‌లోకి వెళ్లాయి, 26 వారాలు మాత్రం మారలేదు. ముందటి 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. కాన్పుకు ముందు కాలానికి చెందిన జీతం ముందే ఇవ్వాలి, మిగతాది కాన్పు రుజువు చూపిన 48 గంటల్లో ఇవ్వాలి. సెలవులో ఉన్న మనిషిని తీసేయకూడదు. ఆమెను ఈఎస్‌ఐలో (చందాతో నడిచే ఉద్యోగుల బీమాలో) చేర్చి ఉంటే, జీతం 21,000 దాటకపోతే, ఆ 26 వారాల డబ్బూ ఈఎస్‌ఐయే ఇస్తుంది. దానికి ముందటి రెండు చందా కాలాల్లో (ఒక్కోటి ఆరు నెలలు) కనీసం 70 రోజుల చందా పడి ఉండాలి. చందా జీతంలో కోసి కట్టడం ఎగ్గొట్టిన యాజమాన్యాల సంగతి కాన్పు దాకా బయటపడదు. అందుకే ముందుగానే ఈఎస్‌ఐ పోర్టల్‌లో ఒకసారి చూసుకోవాలి.

రోజుకూలీలకూ ప్రసూతి ప్రయోజనం దక్కాలని ఢిల్లీ కార్పొరేషన్ మస్టర్ రోల్ కార్మికుల కేసులో 2000లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఇళ్లల్లో పనిచేసేవాళ్లకు, పొలం కూలీలకు, ఇంటి దగ్గర కుట్టుపని చేసుకునేవాళ్లకు ఆ మాట అందలేదు. వాళ్లకు మిగిలింది కేంద్ర ప్రభుత్వ పథకం మాతృవందన యోజన. మొదటి బిడ్డకు 5,000, రెండోది ఆడపిల్లయితే 6,000. మన టీచరమ్మ జీతంతో పోల్చితే 5,000 అంటే ఎనిమిది రోజుల కూలి. 2013 ఆహార భద్రత చట్టమే ప్రతి గర్భిణికి కనీసం 6,000 ఇవ్వాలని రాసింది, దాన్ని మొదటి బిడ్డకు కూడా పూర్తిగా ఇవ్వడం లేదు. రోజు గడవని ఇల్లు నెలకు 4,500 దాచలేదని పైన అన్నాం. ఆ ఇళ్లకు పొదుపు పాఠాలు చెప్పే హక్కు ఈ మొత్తం పెంచేదాకా ఏ ప్రభుత్వానికీ లేదు.

యాజమాన్యాల గోడును కూడా తోసిపుచ్చలేం. పదిమంది పనిచేసే చిన్న స్కూలు ఒకే ఏడాది ఇద్దరికి ఆరేసి నెలల జీతం ఇస్తూ, వాళ్ల బదులు మరో ఇద్దరిని పెట్టుకోవాలి. దాని ఫలితం ఇంటర్వ్యూలో కనిపిస్తుంది. ‘పెళ్లయిందా, పిల్లలు ఎప్పుడు?’ అని అడిగి, ఆ తర్వాత ఫోన్ చేయరు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000 నాటి ఒప్పందంలో ఈ భారాన్ని యజమాని ఒక్కడి మీదే వేయొద్దని, సామాజిక బీమా నుంచో ప్రభుత్వ నిధుల నుంచో భరించాలని ఉంది. మన దేశం దాన్ని ఆమోదించలేదు. 15,000 లోపు జీతాలవాళ్లకు ఏడు వారాల వేతనం యాజమాన్యాలకు తిరిగిస్తామని 2018 నవంబరులో కేంద్రం ఒక ప్రతిపాదన చేసింది, అది అమలుకు రాలేదు. ఈఎస్‌ఐలో ఇప్పటికే ఉన్న పద్ధతిని అందరికీ విస్తరించడమే దారి అని మా అభిప్రాయం. అందరి దగ్గరా కొంచెం కొంచెం చందా తీసుకుంటే, ఏ ఒక్క స్కూలు మీదా ఏ ఒక్క ఇంటి మీదా మొత్తం పడదు.

అప్పటిదాకా ఇంట్లో చేయగలిగిన మార్పు ఒకటుంది. ఆ 4,500 ఆమె జీతంలోంచే తీయాలని ఎక్కడా లేదు. సెలవు ఆమెది గనక లోటూ ఆమెదే అని ఇళ్లలో తెలియకుండానే నిర్ణయమైపోతోంది, కొన్నిచోట్ల పుట్టింటివాళ్ల నెత్తిన పడుతోంది. ఆర్‌డీ భర్త పేరున తెరవొచ్చు. సెలవులో ఆమె ఎస్‌ఐపీ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా కట్టేది) ఆగితే ఆ వాయిదాల డబ్బు ఆయన ఇవ్వొచ్చు. కేంద్ర ఉద్యోగులకు భార్య కాన్పప్పుడు 15 రోజుల సెలవుంది. ప్రైవేటు ఉద్యోగులకు అలాంటి చట్టమేదీ లేదు కనుక, ఆయన సెలవులో పోయే జీతం కూడా కాగితం మీద రాసుకోవాలి.

ఉద్యోగంలో చేరేటప్పుడే ప్రసూతి ప్రయోజనాల గురించి రాతపూర్వకంగా చెప్పాలని 2017 సవరణ యాజమాన్యాలను ఆదేశించింది. కొత్త కోడ్‌లతో నియామక పత్రం ఇవ్వడం కూడా తప్పనిసరైంది. జూన్‌లో బడులు తెరిచే వారంలో రెండు రాష్ట్రాల కార్మిక శాఖల అధికారులు ప్రైవేటు స్కూళ్లకు వెళ్లి టీచర్ల నియామక పత్రాలు అడగాలి. ప్రసూతి ప్రయోజనాల పేరా ఎన్ని పత్రాల్లో ఉందో, అసలు పత్రమే లేనివాళ్లు ఎందరో లెక్క తీసి జిల్లాలవారీగా ప్రకటించాలి.