టంటారాకి తెలుగేంటి?

మా అమ్మాయికి స్కూల్లో ప్రాజెక్ట్ ఇచ్చారు. చప్పుళ్లకి ఇంగ్లిష్‌లో ఉన్న పది మాటలు ఏరి, పక్కన తెలుగు అర్థం రాయాలి. వాటిలో ఒకటి 'టంటారా'. ట్రంపెట్ మోగినప్పుడు వచ్చే చప్పుడు. తను 'బాకా టటటా అని మోగడం' అని రాసుకెళ్లింది. ఎర్ర పెన్నుతో కొట్టేసి, పైన 'బాకా శబ్దం' అని దిద్ది పంపారు. నాకు చాలా బాధేసింది.

శబ్దమే! ఏం శబ్దం? తలుపు వేసినా శబ్దమే, గిన్నె పడినా శబ్దమే.

దాదాపు రెండు వేల రెండొందల ఏళ్ల కిందట రోమన్ కవి ఎన్నియస్ యుద్ధపు బాకా మోతని లాటిన్‌లో 'టారటంటరా' అని ఉన్నదున్నట్టు పద్యంలో పెట్టేశాడు. తర్వాత వచ్చిన వర్జిల్ అదే పాదాన్ని తీసుకుని, ఆ మాట తీసేసి గంభీరంగా మార్చి రాశాడు. నా ఓటు మాత్రం ఎన్నియస్‌కే. ఇంగ్లిష్ టంటారా కూడా ఆ బాపతు మాటే.

మొన్న బ్రాడీపేటలో ఒక పెళ్లి ఊరేగింపులో బ్యాండు వాళ్ల పక్కనే నడిచాను. ట్రంపెట్ ఆయన బుగ్గలు బిగబట్టి, పెదాలు అదిమిపెట్టి ఊదుతున్నాడు. ఆగినప్పుడు అడిగితే, "నాలుకతో ట, ట అని గాలిని తెంపాలండీ, లేకపోతే స్వరాలన్నీ కలిసిపోతాయి" అన్నాడు. అంటే టంటారాలో ఉన్న 'ట' ఆ నాలుక దెబ్బే! మా పిల్ల రాసిందీ అదే కదా.

మనకేం తక్కువ? నాదస్వరానికి మూతి దగ్గర పీక ఉంటుంది, అందుకే సన్నగా 'పీ' అంటుంది. పక్కన డోలు కలిస్తే 'పీపీపీ డుండుండుం'. ఈ మాట వింటే పెళ్లి కళ్లముందుకి రాని తెలుగువాళ్లున్నారా? శంఖంలో తెంపు ఉండదు, ఒకటే 'భోం'. ఇక ఏనుగు అరుపుకి ఇంగ్లిష్ వాళ్లు ట్రంపెట్ మాటనే అరువు తెచ్చుకున్నారు. మనకి దానికంటూ విడిగా 'ఘీంకారం' ఉంది. అయినా టీవీల్లో 'ఏనుగు అరిచింది' అనే వింటున్నాం.

చెవితో విని రాసిన పిల్లని తప్పు అంటే, రేపు అది వినడం మానేసి గైడు చూసి రాస్తుంది. నా భయం అదే.

"నాన్నా, మార్చి రాయనా?" అని అడిగింది. వద్దమ్మా అన్నాను. మళ్లీ అదే రాసింది, ఈసారి ఇంకో 'టా' కలిపి.