పానా పట్టేవాడికి పట్టా ఎందుకు?

బండి మరమ్మతును విశ్వవిద్యాలయంలో చదవాలా, షెడ్డులోనే నేర్చుకోవాలా అన్న విషయంపై విజయవాడ ఆటోనగర్ మేస్త్రీ ఒకరూ, ఆటోమొబైల్ పాఠాలు చెప్పే అధ్యాపకుడొకరూ ఎదురెదురుగా కూర్చుంటే సాగే వాదమిది.

మేస్త్రీ: మాస్టారూ, నేను పదో తరగతి తప్పి షెడ్డులో చేరాను. మొదటి ఏడాదంతా డీజిల్‌తో నట్లు, బోల్టులు కడగడమే నా పని. ఏ బోల్టు ఎక్కడిదో, మర అరిగితే ఎలా ఉంటుందో ఆ కడగడంలోనే వేళ్లకు తెలిసింది. రెండేళ్ల ఐటీఐ, మూడేళ్ల డిప్లొమా ఉండగా ఈ పనికి మళ్లీ డిగ్రీ ఎందుకు?

అధ్యాపకుడు: వేళ్లకు తెలిసింది తక్కువదని నేననను. కానీ బండే మారిపోయింది, మేస్త్రీ గారూ. 2020 ఏప్రిల్ 1న పొగ కాలుష్యానికి హద్దు పెట్టే బీఎస్-6 ప్రమాణం అమల్లోకి వచ్చాక లారీ పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు, యూరియా ద్రావణం చిమ్మే నాజిల్, నైట్రోజన్ ఆక్సైడ్లను కొలిచే సెన్సర్ చేరాయి. బండిలోని చిన్న కంప్యూటర్లయిన కంట్రోల్ యూనిట్లను కలిపే జంట తీగల మధ్య, బ్యాటరీ విప్పి మీటరు పెడితే, 60 ఓమ్‌లు రావాలి. 120 వచ్చిందంటే రెండు చివర్లలోని నిరోధకాల్లో ఒకటి పోయిందనో, మధ్యలో తీగ తెగిందనో అర్థం. 60 ఎందుకు రావాలో తెలిసినవాడు తెగిన చోటు వెతుకుతాడు. తెలియనివాడు యూనిట్టునే మార్చి యజమాని చేత వేలకు వేలు పెట్టిస్తాడు.

మేస్త్రీ: మార్చేది మావాళ్లేనా? స్కానర్‌లో లోపం కోడ్ కనబడగానే సెన్సర్ మార్చేసిన పట్టభద్రుణ్ణి నేను చూశాను. మూడో రోజుకు లారీ అదే హెచ్చరిక దీపంతో తిరిగొచ్చింది. నాజిల్ విప్పితే మూతి నిండా తెల్లగా యూరియా గడ్డకట్టి ఉంది; వేడినీళ్లతో కడిగాక దీపం ఆరింది. ఆ అబ్బాయి చదివిన చోట తరగతి మొత్తం లోపలి భాగాలు కనబడేలా కోసిన ఒక్క కట్ సెక్షన్ ఇంజన్ చుట్టూ నిలబడి చూసిందట. పానా పట్టిందెవరూ లేరట.

అధ్యాపకుడు: ఒప్పుకుంటాను, కానీ అది నేర్పిన తీరులోని లోపం. విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ 2014లో మొదలుపెట్టిన బి.వోక్ అనే వృత్తివిద్యా డిగ్రీలో నూటికి 60 వంతులు నైపుణ్య శిక్షణే ఉండాలి. మొదట పెట్టిన నిబంధనల్లో ఏడాదికే మానినా డిప్లొమా వచ్చేది. ఇంకో మాట. తప్పు చేసి నేర్చుకోవడం షెడ్డు పద్ధతి. 12 వోల్టుల తీగతో తప్పు చేస్తే చాలాసార్లు ఫ్యూజుతో పోతుంది. చాలా విద్యుత్ కార్లలో నారింజ రంగు కేబుళ్లలో 300 వోల్టులకు పైగా ఉంటుంది. అక్కడ తప్పు చేసినవాడు నేర్చుకోవడానికి మిగలకపోవచ్చు.

(మేస్త్రీ కాసేపు మాట్లాడలేదు. ఈ వాదమంతటిలో బరువైన మాట ఇదేనని నా నమ్మకం.)

మేస్త్రీ: కాదనలేను. ఆ కేబుళ్ల జోలికి మా కుర్రాళ్లను పంపాలంటే నాకే భయం. అయితే నేర్పేవాళ్లలో మేమూ ఉండాలి.

అధ్యాపకుడు: దారి ఉంది. 15 ఏళ్ల అనుభవమున్న నిపుణులను, డిగ్రీ లేకున్నా, ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’గా తీసుకోవచ్చని 2022లో యూజీసీయే చెప్పింది.

మేస్త్రీ: ఆ కుర్చీ కంపెనీ పెద్దలకు పోతుంది గానీ, నూనె చేతుల మేస్త్రీని ఎవరు వెతుకుతారు? సరే, వెతికితే వస్తాను. ఒక్కటే షరతు: పరీక్షకు ప్రశ్నపత్రం వద్దు. స్టార్ట్ కాని బండి పెట్టండి, లోపం పట్టుకోమనండి.

అధ్యాపకుడు: పట్టుకున్నాక, ఎలా పట్టుకున్నాడో రాయాలి కూడా.

మేస్త్రీ: రాయనివ్వండి. కానీ తెలుగులో రాయించండి. మా షెడ్డుకు వచ్చిన సర్వీసు మాన్యువళ్లన్నీ ఇంగ్లీషులో ఉండి బీరువాలోనే ఉండిపోయాయి. ఆ కాగితాలైనా మా కుర్రాళ్లు చదువుకుంటారు.