కృష్ణన్ ఘనత ఘాజీ ఒక్కటే కాదు

ఏటా డిసెంబరు 4న నేవీ డే రాగానే విశాఖ ఆర్కే బీచ్ జనంతో నిండిపోతుంది. 'విక్టరీ ఎట్ సీ' స్మారకం దగ్గర పుష్పగుచ్ఛాలు ఉంచుతారు. 1971 యుద్ధంలో ఇక్కడి తీరంలో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ కథ ఈ ఊళ్లో పిల్లలకు కూడా తెలుసు. వైస్ అడ్మిరల్ నీలకంఠ కృష్ణన్ ఎవరని అడిగితే మాత్రం పెద్దలు కూడా తడుముకుంటారు. ఇది మాకు బాధగా ఉంది.

1971 భారత్-పాక్ యుద్ధంలో విశాఖ కేంద్రంగా తూర్పు నౌకాదళాన్ని నడిపింది ఆయనే. మనకున్న ఒకే ఒక్క విమానవాహక నౌక విక్రాంత్‌కు అప్పుడు బాయిలర్ పగిలింది. పూర్తి వేగంతో పోలేని నౌకను యుద్ధానికి ఎలా పంపుతారన్న సందేహం నేవీలోనే ఉండేది. ఆ నౌకకు ఒకప్పుడు కెప్టెన్‌గా ఉన్న కృష్ణన్‌కు దాని బలం, బలహీనత రెండూ తెలుసు. దాన్ని బరిలోకి దించాల్సిందేనని పట్టుబట్టారు.

విక్రాంత్‌ను వేటాడటానికి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ నవంబరులో కరాచీ నుంచి బయల్దేరింది. కృష్ణన్ విక్రాంత్‌ను అండమాన్ వైపు పంపేసి, అది విశాఖ దగ్గరే ఉందని శత్రువును నమ్మించారు. రెండో ప్రపంచ యుద్ధం నాటి పాత నౌక రాజ్‌పుత్ చేత విక్రాంత్ లాగా వైర్‌లెస్ సందేశాలు పంపించారు. పెద్ద నౌకకు సరిపడా కూరగాయలు, మాంసం కావాలని కాంట్రాక్టర్లకు ఆర్డర్లు ఇప్పించారు. జబ్బుపడిన తల్లి ఎలా ఉందో తెలపాలంటూ విక్రాంత్ నావికుడి పేరుతో ఒక టెలిగ్రాం కూడా కొట్టించారు! డిసెంబరు 3 రాత్రి దాటి తెల్లవారేలోగా ఘాజీ విశాఖ తీరానికి దగ్గరలోనే మునిగిపోయింది. అందులోని 90 మందికి పైగా నావికుల్లో ఒక్కరూ బతకలేదు.

రాజ్‌పుత్ వదిలిన డెప్త్ చార్జీలే (నీటి అడుగున పేలే బాంబులు) కారణమని మన నేవీ చెబుతుంది. లోపల జరిగిన పేలుడో, ఘాజీయే సముద్రంలో పరిచిన మైనో (మందుపాతర) కారణమని పాకిస్తాన్ వాదన. ఈ తగువు తేలకపోయినా కృష్ణన్ కీర్తికి తక్కువేమీ కాదు. ఆయన ఎత్తుగడ పారింది. ఘాజీ విశాఖ దగ్గర వెతుకుతుండగా విక్రాంత్ క్షేమంగా ఉంది. డిసెంబరు 4నే దాని సీ హాక్ విమానాలు కాక్స్ బజార్, చిట్టగాంగ్‌లపై దాడి చేశాయి. తూర్పు పాకిస్తాన్‌లోని సైన్యానికి సముద్రం దారి మూసుకుపోయింది. మా దృష్టిలో అసలు విజయం ఇదే. డిసెంబరు 16న ఢాకాలో పాక్ సేనాని నియాజీ లొంగుబాటు పత్రంపై సంతకం పెడుతున్నప్పుడు కృష్ణన్ అక్కడే ఉన్నారు.

ఆ నేర్పు ఒక్క నెలలో వచ్చింది కాదు. రెండో ప్రపంచ యుద్ధంలోనే ఆయన బ్రిటిష్ సాహస పతకం డిస్టింగ్విష్డ్ సర్వీస్ క్రాస్ అందుకున్నారు. 1961లో పోర్చుగీసుల నుంచి డయ్యూ విముక్తి పోరులో యుద్ధనౌక ఐఎన్ఎస్ ఢిల్లీకి కెప్టెన్ ఆయనే. మూడు యుద్ధాలు చూసిన అధికారి జీవితాన్ని ఒక్క పేలుడుకు కుదించడం అన్యాయం.

బీచ్ స్మారకం వద్ద కృష్ణన్ జీవితాన్ని, ఆయన పన్నిన వ్యూహాన్ని వివరంగా తెలుగులో రాసిపెట్టాలి. ఘాజీ మునకపై ఇరు దేశాల వాదనలను కూడా దాచకుండా అందులో చేర్చాలి. అర్ధ శతాబ్దం దాటిన ఆ యుద్ధం తాలూకు నౌకాదళ రికార్డుల్లో మిగిలినవాటిని రక్షణ శాఖ ఇకనైనా చరిత్రకారుల ముందు పెట్టాలి.