పాత స్టీల్ సైకిల్ రోజూ తొక్కొచ్చు

పాత రోడ్ సైకిళ్లు గోడకు తగిలించుకోవడానికే తప్ప రోజూ తొక్కడానికి పనికిరావని ఈమధ్య ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. బర్మింగ్‌హామ్‌లో నాలుగేళ్లుగా రేనాల్డ్స్ 531 ఫ్రేమ్ సైకిల్ మీదే ఆఫీసుకు వెళ్తున్నాను. ఈ ఊరి కంపెనీ రేనాల్డ్స్ 1935లో తెచ్చిన స్టీల్ గొట్టాలతో చేసిన ఫ్రేమ్ అది. గేర్ లివర్లు హ్యాండిల్ మీద కాకుండా ఫ్రేమ్ కింది గొట్టం మీద ఉంటాయి, అందుకే ఎత్తు రోడ్డు రాకముందే గేర్ మార్చుకోవాలి. నెల రోజుల్లో అలవాటైపోయింది.

అసలు ఇబ్బంది బ్రేకులే. పాత రబ్బర్లు గట్టిపడిపోయి వానలో సరిగా పట్టేవి కావు. కొత్తవి వేయించాక టెన్షన్ తగ్గింది. 27 అంగుళాల చక్రమైతే టైరు చూసి కొనండి, ఇప్పటి రోడ్ సైకిళ్లకు వాడే 700సి సైజు టైరు దానికి ఎక్కదు. ఇటలీలో 1997లో మొదలైన ఎరోయికా అనే పాత సైకిళ్ల యాత్రలో 1987 వరకు తయారైన సైకిళ్లతో మట్టి రోడ్ల మీద 200 కిలోమీటర్లు తొక్కేవాళ్లున్నారు. ఆఫీసు దారి ఎంత?