మా బాల్కనీ జాలీ తియ్యను గాక తియ్యను

ఇందాక వాచ్‌మన్ వచ్చి తలుపు కొట్టాడు. పాపం తల ఎత్తకుండానే చెప్పాడు: "అక్కా, ఆదివారం లోపల బాల్కనీకి వేసిన జాలీ తీసెయ్యమన్నారు అసోసియేషన్ సెక్రటరీ సారు. లేకపోతే మనిషిని పంపించి తీయిస్తారంట." ఎందుకయ్యా అంటే బిల్డింగ్ ఎలివేషన్, అంటే బయటికి కనిపించే అందం, పాడవుతోందట. ఇది రాస్తుంటే ఇంకా చేతులు వణుకుతున్నాయి. జున్ను నా ఒళ్లోనే పడుకుని ఉంది.

కొత్తగా వచ్చినవాళ్లకి చెప్తున్నా, జున్ను మా పిల్లి. ఏడాదిన్నర వయసు, పేరుకి తగ్గట్టు జున్ను రంగే. మేముండేది మియాపూర్ వైపు, ఐదో అంతస్తులో, అద్దెకి. నెల కిందట ఓనరుకి ఫోన్ చేసి, ఆయన సరేనన్నాకే బాల్కనీకి స్టీలు జాలీ వేయించా. నా డబ్బు, 18,000 అయింది. గోడకి ఒక్క బొక్క పెట్టలేదు. అల్యూమినియం ఫ్రేములో జాలీ బిగించి రెయిలింగ్‌కి క్లాంపులు వేశారు, ఇల్లు ఖాళీ చేసేరోజు విప్పి పట్టుకెళ్లిపోవచ్చు. ఇంత జాగ్రత్తపడితే, నెల రోజులు చూస్తూ ఊరుకుని ఇవాళ ఎలివేషన్ గుర్తొచ్చింది వాళ్లకి.

కోపంలో లిఫ్ట్ కోసం కూడా ఆగకుండా మెట్లు దిగి వెళ్లి లెక్కపెట్టొచ్చా. మా బ్లాకులో 40 ఫ్లాట్లుంటే 23 బాల్కనీలకి పావురాల నెట్లున్నాయి. నీలం ఒకటి, తెలుపు ఒకటి, ఎవరికి దొరికిన రంగు వాళ్లు కట్టుకున్నారు. సెక్రటరీ గారింటిది ఆకుపచ్చది, ఒక మూల ఊడిపోయి గాలికి కొట్టుకుంటోంది, దాని వెనకాల దుప్పట్లు ఆరేసి ఉన్నాయి. అవేవీ ఎలివేషన్‌కి అడ్డం రాలేదు. దగ్గరికొచ్చి చూస్తే తప్ప కనపడని నా జాలీ అడ్డమొచ్చింది. వాళ్ల నెట్టు పావురం లోపలికి రాకుండా, నా జాలీ పిల్లి కిందకి పడకుండా. పావురం రెట్ట వేస్తే కడుక్కోవచ్చు. పిల్లి పడితే ఏం చెయ్యాలి?

ఇదే మాట మా అపార్ట్‌మెంట్ గ్రూపులో అడిగా. ఒక పెద్దాయన వెంటనే, "పిల్లులకి ఏం కాదమ్మా, ఎంత ఎత్తు నుంచి పడ్డా నాలుగు కాళ్ల మీదే దిగుతాయి, అనవసరంగా టెన్షన్ పడకండి" అని పెట్టి, దాని కింద ఒక ఫార్వర్డ్ తగిలించారు. న్యూయార్క్‌లో పరిశోధన చేశారట, పైఅంతస్తుల నుంచి పడ్డ పిల్లులకి దెబ్బలు ఇంకా తక్కువట. దానికి పదకొండు లైకులు. అంటే నేను పదో అంతస్తులో ఇల్లు తీసుకుని ఉంటే జున్ను ఇంకా క్షేమంగా ఉండేదనా వీళ్ల ఉద్దేశం?

ఆ పరిశోధన సంగతి నాకూ తెలుసు, మూడేళ్లుగా అదే చదువుతున్నా. 1987లో న్యూయార్క్‌లో ఒక జంతువుల ఆసుపత్రి డాక్టర్లు, మేడల మీది నుంచి పడి తమ దగ్గరికి వచ్చిన 132 పిల్లుల లెక్క రాశారు. వైద్యం చేసినవాటిలో నూటికి తొంభై బతికాయి. ఏడంతస్తులు దాటి పడ్డవాటికి దెబ్బలు తక్కువగా కనిపించాయి. అంతవరకూ నిజమే. కానీ అవన్నీ ఆసుపత్రి దాకా రాగలిగిన పిల్లులు. పడీపడగానే పోయిన పిల్లిని ఎవరైనా ఆసుపత్రికి మోసుకెళ్తారా? గుడ్డలో చుట్టి పాతిపెట్టేస్తారు. ఆ పాతిపెట్టినవి ఏ లెక్కలోనూ లేవు. పైగా ఆ తొంభై వైద్యం అందాక బతికినవి. ఈ ముక్క ఏ ఫార్వర్డులోనూ ఉండదు.

గాల్లో తిరిగి కాళ్లు కిందకి తెచ్చుకోవడం మాత్రం పిల్లికి పుట్టుకతో వచ్చే గుణమే, కాదనను. మూడు నాలుగు వారాల కూనగా ఉన్నప్పుడే మొదలై, ఏడో వారానికల్లా బాగా వచ్చేస్తుంది. నడుము ఎలా కావాలంటే అలా వంగుతుంది, మనకి భుజాల దగ్గర బిగించినట్టు ఉండే ఎముక దానికి చిన్నదిగా, దేనికీ బిగించకుండా వదులుగా ఉంటుంది. 1894లోనే మారే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త పిల్లి పడుతుంటే వరసపెట్టి ఫోటోలు తీసి ఇదంతా చూపించాడు. కానీ కాళ్ల మీద దిగింది కదా అని నేల మెత్తబడదు కదండీ. కింద ఉన్నది సెల్లార్ ర్యాంపు సిమెంటు. ముందుకాళ్లు ఆ బరువు ఆపలేక విచ్చుకుపోతాయి, గడ్డం నేలకి కొట్టుకుంటుంది. దవడ విరుగుతుంది, నోట్లో అంగిలి చీలుతుంది, ఛాతీలో గాలి చేరి ఊపిరితిత్తులు ముడుచుకుపోతాయి. పైకి చూస్తే రక్తం చుక్క ఉండదు, పిల్లి నాలుగు కాళ్ల మీద నిలబడే ఉంటుంది.

నేను చూశాను కాబట్టి చెప్తున్నా.

మిరియం గురించి ఇక్కడ ఎప్పుడూ పూర్తిగా రాయలేదు. జున్నుకి ముందు మాకున్న పిల్లి, నల్లగా మిరియం గింజలా ఉండేది. మూడేళ్ల కిందట, నిజాంపేటలో ఉండేవాళ్లం, నాలుగో అంతస్తు. చేరిన వారానికే బాల్కనీకి నెట్ వేయించుకుంటానని ఓనర్ని అడిగా. "గోడలకి డ్రిల్లు పెడితే మర్యాదగా ఉండదు, ముందే చెప్తున్నా" అన్నాడు. రెండోసారి అడిగితే, పిల్లిని పెంచుతున్నట్టు ముందే చెప్పలేదని ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు. నోరు మూసుకున్నా. ఇప్పటికీ నన్ను నేను తిట్టుకునేది అందుకే.

మే నెల, సాయంత్రం. బట్టలు తియ్యడానికి తలుపు తీశా, రెండు నిమిషాలు. ఏసీ బయట డబ్బా మీద పావురం కూర్చుంది. చాలామంది అనుకుంటారు పిల్లికి ఎత్తు తెలుసు, తెలివైనది, ఎందుకు దూకుతుంది అని. అది దూకలేదండీ. దాని చూపంతా పావురం మీదే ఉంది. పిట్టగోడ మీద నున్నటి గ్రానైట్ పలక, చెట్టు బెరడులో దిగినట్టు గోరు అందులో దిగదు. గోళ్లు గీసుకున్న చప్పుడు విన్నా. తిరిగి చూస్తే లేదు.

కిందకి పరుగెత్తేసరికి ఒక బైకు కింద దూరి కూర్చుని ఉంది. కూర్చునే ఉంది! వాళ్లన్నట్టే నాలుగు కాళ్ల మీదే. నోరు తెరిచి ఊపిరి తీస్తోంది. కుక్క నోరు తెరిచి రొప్పితే పర్వాలేదు గానీ, పడ్డ పిల్లి అలా రొప్పుతోందంటే ఆ నిమిషమే డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలని నాకప్పుడు తెలియదు. చుట్టూ చేరినవాళ్లు "ఏం కాలేదు, బాగానే ఉంది, కాస్త పాలు పట్టండి" అన్నారు. వాళ్ల మాట విని ఒక గంట పాడు చేశా. ఆ తర్వాత ఒక క్లినిక్‌కి ఫోన్ చేస్తే పొద్దున తీసుకురమ్మన్నారు, ఇంకోచోట ఎక్స్‌రే లేదు, మూడోచోట చేర్చుకునేసరికి రాత్రి పదకొండు. ఆక్సిజన్ పెట్టారు, ఛాతీలో గాలి తీశారు, దవడకి తీగ వేస్తామన్నారు. మూడోరోజు తెల్లవారుజామున పోయింది. దానికి అప్పటికి పది నెలలు. క్రొయేషియా దేశంలోని జాగ్రెబ్‌లో 119 పిల్లుల మీద చేసి 2004లో అచ్చువేసిన పరిశోధన ఇంకొకటి ఉంది, అందులో పడ్డవాటిలో సగానికి పైగా ఏడాది నిండనివే. అది చదివినప్పుడు నా ఏడుపు ఆగలేదు.

నెల తిరిగాక అద్దె ఇవ్వడానికి వెళ్తే ఆ ఓనరు అన్న మాట: "పిల్లే కదమ్మా, ఇంకోటి తెచ్చుకుంటే పోయె." ఇల్లు ఖాళీ చేసేటప్పుడు రెండు నెలల అడ్వాన్సులో ఒక నెల పెయింటింగ్ కింద కోసేశాడు. రెండేళ్లు ఉన్న ఇంట్లో క్యాలెండర్ మేకు బొక్కలు వేలు పెట్టి చూపించి మరీ లెక్కపెట్టాడు. ఏ డ్రిల్లు బొక్కలకైతే ఒప్పుకోలేదో ఆ బొక్కలు పడనివ్వకుండా కాపాడుకున్న గోడలకి మళ్లీ నా డబ్బుతోనే రంగు వేయించుకున్నాడు. అద్దెకున్నవాళ్లందరికీ ఇది తెలిసిన కథే. నెలనెలా మెయింటెనెన్స్ మనం కట్టాలి, మీటింగులో మాత్రం "ఓనర్స్ ఓన్లీ". ఇక్కడ కూడా అంతే. పోయినేడాది లిఫ్టులో "పెంపుడు జంతువులున్నవారు మెట్లు వాడవలెను" అని కాగితం అంటించారు. ఐదంతస్తులు బుట్టలో పిల్లిని మోసుకుంటూ ఎక్కుతుంటే ఒక్కరూ మాట్లాడలేదు. భారత జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలిచ్చింది, మెజారిటీ ఓటు వేసినా సరే పెంపుడు జంతువుల్ని అసోసియేషన్ నిషేధించకూడదని, లిఫ్టు వాడొద్దనకూడదని. ప్రింటు తీసి సెక్రటరీ చేతికిచ్చా. "చూడమ్మా, ఇవన్నీ ఢిల్లీ వాళ్ల రూల్స్" అన్నారు. మియాపూర్ ఈ దేశంలో లేనట్టు.

పిల్లికి చెలగాటం ఎలుకకి ప్రాణసంకటం అంటారు. ఇక్కడ చెలగాటం మనుషులది, ప్రాణసంకటం పిల్లిది.

పైఅంతస్తు వాళ్ల సంగతి కూడా చెప్పనివ్వండి. పుణ్యమని రోజూ పొద్దున్నే టెర్రస్ మీద పావురాలకి జొన్నలు చల్లుతారు. అవి తిని మా అందరి బాల్కనీల మీద వాలతాయి. ఆ రెట్ట దుమ్ము పీల్చి ఊపిరితిత్తుల జబ్బు తెచ్చుకున్నవాళ్లున్నారని డాక్టర్లు మొత్తుకుంటున్నా ఆ గింజల మీద ఒక్క నోటీసు రాదు. పిల్లిని అంచుదాకా లాగేది ఆ పావురాలే. గింజలు వేసినవాళ్లు పుణ్యాత్ములు, జాలీ వేసుకున్న నేను బిల్డింగ్ అందం చెడగొట్టినదాన్ని.

ఇన్‌బాక్స్‌లో నలుగురైదుగురు మామూలు పావురాల నెట్ సరిపోదా అని అడిగారు, వాళ్లకి ఇక్కడే చెప్పేస్తా. సరిపోదు. ఆ నైలాన్ దారం పక్షి కోసం చేసింది. పిల్లి పళ్లతో కొరికి తెంపేస్తుంది, గోళ్లేసి ఎక్కుతుంది. మన హైదరాబాద్ ఎండకి రెండు మూడు వేసవులకే పెళుసెక్కిపోతుంది, ప్లాస్టిక్ కొక్కేలు ముందు ఊడతాయి. సెక్రటరీ గారి నెట్టు ఊడింది చూశారుగా, దాని మీద పిల్లి వాలితే నెట్టుతో సహా కిందకి వెళ్తుంది. నిలువు తీగల ఇన్విజిబుల్ గ్రిల్ పిల్లలకి మంచిదే గానీ, పిల్లి తల దూరిందంటే ఒళ్లు కూడా దూరుతుంది, ఆ తీగలు నెడితే కొంచెం విచ్చుకుంటాయి కూడా. నేను వేయించింది తుప్పు అంత తేలిగ్గా పట్టని 304 గ్రేడు స్టీలు, అంగుళం గడి, కింద నీళ్లు పోయే సందు దాకా. ఆ సందు మర్చిపోకండి, ఏసీ పైపు పక్క ఖాళీ కూడా. పైభాగం తెరిచి ఉంచితే వేసీ వెయ్యనట్టే. లోపల లిలియం జాతి లిల్లీ కుండీలుంటే ఇవాళే తీసి ఎవరికైనా ఇచ్చెయ్యండి, దాని పుప్పొడి ఒంటికంటుకుని నాకినా పిల్లి కిడ్నీలు పోతాయి. మనీప్లాంటు నమిలితే నోరు మండి చొంగ కారుస్తుంది, అందనంత ఎత్తులో కట్టండి.

జాలీ వేశాక మొదటిసారి జున్నుని బాల్కనీలోకి వదిలిన రోజు నేను కుర్చీ వేసుకుని మూడు గంటలు కదల్లేదు. అది జాలీకి ముక్కు ఆనించి వీధిలో పాలవాడిని, బడికెళ్లే పిల్లల్ని, పావురాల్ని చూసింది. ఒకసారి పావురం మీదకి ఎగిరింది కూడా. జాలీకి తగిలి లోపలే పడి, ఏమీ జరగనట్టు కాళ్లు నాక్కుంది. మూడేళ్ల తర్వాత ఆ రాత్రి మధ్యలో లేవకుండా నిద్రపోయా. అది తీసెయ్యమంటున్నారు వీళ్లు, ఆదివారం లోపల.

ఓనరుకి ఫోన్ చేశా. "సెక్రటరీతో గొడవెందుకమ్మా, కొన్నాళ్లు తీసి మళ్లీ వేసుకోండి" అన్నారు. ఆ కొన్నాళ్లూ పావురాలు రాకుండా ఆయన చూసుకుంటారా? నేను తియ్యనని చెప్పేశా, గొంతు కొంచెం పెద్దదైంది, దానికి మాత్రం సారీ చెప్పా. గ్రూపులో కూడా రాసేశా, 23 నెట్లూ తీసిన రోజు నన్ను అడగండి అని, ఫ్లాట్ నంబర్లతో సహా. ఇంతవరకూ ఎవరూ జవాబివ్వలేదు. మూడో అంతస్తులో ఉండే ఒక ఆంటీ మాత్రం విడిగా మెసేజ్ పెట్టారు, "మా మనవడు పాకుతున్నాడమ్మా, ఆ జాలీ వేసినతని నంబరు పంపిస్తావా" అని. పంపించా.

ఆదివారం నాకు వేరే పనులేవీ లేవు. పొద్దుటి నుంచీ ఆ బాల్కనీలోనే కుర్చీ వేసుకుని కూర్చుంటా, జున్నుని ఒళ్లో పెట్టుకుని. మనిషిని పంపిస్తారుగా, పంపించనివ్వండి.