సంతకం పెట్టింది దేశమా, కుర్చీలో ఉన్న మనిషా?

ఇందాక టీవీ చర్చలో ఒక పెద్దమనిషి "ప్రభుత్వాలు మారినా విదేశాంగ విధానం మారదండీ, దేశ ప్రయోజనాలు శాశ్వతం" అన్నాడు. మిగతా ముగ్గురూ తలలూపారు. ఒళ్లు మండిపోయింది. టీవీ కట్టేశా గానీ కోపం దిగలేదు.

మారదా? పారిస్ వాతావరణ ఒప్పందంలో ఒబామా చేరాడు. ట్రంప్ వద్దన్నాడు. 2021లో బైడెన్ మళ్లీ చేరాడు. 2025లో ట్రంప్ తిరిగొచ్చి ప్రమాణం చేసిన రోజే మళ్లీ బయటికి! అర్జెంటీనాకు 2024 జనవరి 1 నుంచి బ్రిక్స్‌లో, అంటే మనమూ రష్యా, చైనా లాంటి దేశాలూ ఉన్న కూటమిలో, చోటు ఖాయమైంది. అంతకుముందు నెలలో కొత్త అధ్యక్షుడు మిలే గద్దెనెక్కాడు, మూడు వారాలు తిరక్కుండానే మాకొద్దని ఉత్తరం రాసేశాడు. ఇవి ఆ పెద్దమనిషికి తెలియవా?

నాకు అన్నిటికన్నా మంట ఇరాన్ సంగతి. 2015లో వియన్నాలో అమెరికాతో సహా ఆరు దేశాలు ఇరాన్‌తో కూర్చుని అణు ఒప్పందం కుదుర్చుకున్నాయి: ఇరాన్ అణు కార్యక్రమాన్ని తగ్గించుకోవాలి, బదులుగా దానిమీద ఆంక్షలు ఎత్తేయాలి. ఇరాన్ మాట మీదే ఉందని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ వరసగా నివేదికలిచ్చింది. అయినా 2018 మే 8న ట్రంప్ బయటికొచ్చేశాడు. అది అమెరికా ఎగువసభ సెనేట్ ఆమోదించిన సంధి కాదు, కాబట్టి ఎవర్నీ అడగాల్సిన పని లేకపోయింది. ఓటేసింది అమెరికా వాళ్లు. మళ్లీ పెట్టిన అమెరికా ఆంక్షల దెబ్బకు మరుసటి ఏడాది మే తర్వాత ఇరాన్ చమురు మానుకున్నది మనం! డబ్బు కట్టడానికి అరవై రోజుల గడువిచ్చి మరీ అమ్మిన దేశం అది. వాళ్లకు మనమేం సమాధానం చెప్పాం?

అసలు వాళ్లనేం అంటాం, మన దగ్గర మాత్రం ఏం ఏడ్చింది? ఇది నాకు ఎప్పటినుంచో ఉన్న కడుపుమంట. అమెరికాలో సంధి అని పేరు పెడితే సెనేట్‌లో మూడింట రెండొంతుల ఓట్లయినా కావాలి. మన ప్రభుత్వం వేరే దేశంతో ఒప్పందం చేసుకుంటే మామూలుగా పార్లమెంటు ఆమోదం తప్పనిసరి కాదు. 1994లో డబ్ల్యూటీఓ (ప్రపంచ వాణిజ్య సంస్థ) ఒప్పందం మీద సంతకం పెట్టినప్పుడూ సభలో ఆమోదం తీసుకోలేదు. రైతు విత్తనం దాకా వచ్చిన ఒప్పందమండీ అది! ప్రతిపక్షంలో ఉన్నప్పుడు అందరూ దీనిమీద గొంతు చించుకుంటారు. కుర్చీ దొరికాక పార్లమెంటు ఆమోదం తప్పనిసరి చేసే చట్టం తెచ్చినవాడు ఒక్కడు లేడు.

ఆ పెద్దమనిషి చేతిలో గంటసేపు మైకుంది. ఈ ముక్క ఒక్కసారి అడగొచ్చుగా?